విశాఖ నుంచి అరకు, పాడేరు కొండలకు: ఇల్లుగా మార్చిన బస్సులో పుట్టినరోజు వారాంతం ఎలా జరుపుకోవాలి

విశాఖపట్నంలో స్నేహితుల పుట్టినరోజులు చాలావరకు బీచ్ రోడ్డులోనో, ఋషికొండలోనో, ఏదో ఒక హోటల్ పైఅంతస్తులోనో రెండు మూడు గంటల్లో ముగిసిపోతాయి. అదే వేడుకను శని, ఆదివారాలకు పొడిగించి, పడకలు, చిన్న వంటగది, నీళ్ల ట్యాంకు అమర్చిన బస్సును అద్దెకు తీసుకుని పది మంది కలిసి కొండల్లోకి వెళితే, ఎవరూ తొందరపడి ఇంటికి బయలుదేరనవసరం లేని రెండు రోజులు మీ చేతిలో ఉంటాయి. అయితే ఇది కారులో అరకు వెళ్లివచ్చినంత తేలిక కాదు. బస్సు పెద్దది, బరువైనది, అందులో గ్యాసు, విద్యుత్తు, నీరు అన్నీ ఉంటాయి, పైగా వెళ్లేది ఘాట్ రోడ్డు మీదుగా. అందుకే ఏర్పాట్లన్నింటికీ ఒకే నియమాన్ని ఆధారంగా పెట్టుకోవాలని నా సలహా: సూర్యాస్తమయం తరువాత ఘాట్‌లో బస్సు చక్రం తిరగకూడదు. ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, కేకు ఎప్పుడు కోయాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు ఈ నియమం నుంచే వస్తాయి.

నెలను, దారిని నిర్ణయించుకోవడం

పుట్టినరోజు ఏ నెలలో వస్తే ఆ నెలలోనే వెళ్లాలన్న పట్టుదల అవసరం లేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ కొండలకు అనువైన కాలం. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు వలిసె పూలు పొలాలను పసుపుపచ్చగా కప్పివేస్తాయి, నవంబరు నుంచి కాఫీ పండ్ల కోత సాగుతుంది, చలి ఉదయాల్లో లోయల మీద మేఘాలు పరుచుకుని ఉంటాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు జలపాతాలు నిండుగా ఉన్నా, కొండచరియలు విరిగి రోడ్డు మీద పడే రోజులు కూడా అవే. చిన్న కారు పక్క నుంచి తప్పుకుని వెళ్లగలిగిన చోట బస్సు గంటల తరబడి ఆగిపోతుంది కాబట్టి ఆ నెలల్లో పుట్టినరోజు ఉన్నవారు వేడుకను శీతకాలానికి వాయిదా వేసుకోవడం మంచిది. కార్తీక మాసపు ఆదివారాల్లో వనభోజనాల రద్దీ, సంక్రాంతి సెలవుల్లోనూ డిసెంబరు చివరి వారంలోనూ పర్యాటకుల రద్దీ ఎక్కువగా ఉంటాయి. వీటిని తప్పించుకుని మామూలు వారాంతాన్ని ఎంచుకుంటే బస్సు నిలుపుకోవడానికి చోటు దొరుకుతుంది.

దారి విషయానికి వస్తే, ఒక ఘాట్ ఎక్కి మరొక ఘాట్ దిగే వలయం రెండు రోజులకు సరిగ్గా సరిపోతుంది. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరడానికి దాదాపు 115 కిలోమీటర్లు. అరకు నుంచి చాపరాయి, హుకుంపేట మీదుగా అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రమైన పాడేరుకు దాదాపు 45 కిలోమీటర్లు. పాడేరు ఘాట్ దిగి మాడుగుల, చోడవరం మీదుగా విశాఖకు తిరిగి రావడానికి మరో 110 కిలోమీటర్లు. మొత్తం 270 కిలోమీటర్లు. బస్సుకు ఇంతకు మించిన పని పెట్టవద్దు. లంబసింగి కూడా ఇదే వారాంతంలో చూసేద్దామని బృందంలో ఎవరో ఒకరు తప్పక అంటారు. చింతపల్లి వైపున్న ఆ ఊరికి నర్సీపట్నం మీదుగా విడిగా ఒక ప్రయాణం పెట్టుకోవాలి గాని, దీనికి తగిలిస్తే రెండో రోజు రాత్రి అలసిన డ్రైవరు చేతిలో ఘాట్ దిగవలసి వస్తుంది. బృందంలో పెద్దవారు గాని పసిపిల్లలు గాని ఉంటే పాడేరును కూడా వదిలి, రాత్రి అరకులోనే ఉండి వచ్చిన దారినే తిరిగి రండి.

బస్సును ఎంచుకోవడం

ఇక్కడ మీరు పెట్టే సమయం ఎంతైనా ఎక్కువ కాదు. నగరాల మధ్య రాత్రిళ్లు తిరిగే 12 మీటర్ల పొడవు బస్సును మార్చి తయారుచేసిన వాహనం లోపల విశాలంగా, చూడడానికి ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ హెయిర్‌పిన్ మలుపుల దగ్గర అది ఎదురు వాహనాల దారిలోకి పూర్తిగా వెళ్లకుండా తిరగలేదు. 7 నుంచి 9 మీటర్ల పొడవున్న మినీ బస్సును ఎంచుకోండి. ఎనిమిది నుంచి పది మందికి అది చాలు. అంతకు మించి స్నేహితులు ఉంటే మిగిలినవారికి పాడేరులో గదులు తీసుకోవచ్చు.

బస్సును స్వయంగా చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. ముందుగా కాగితాలు చూడండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడం చెల్లదు. అంటే సీట్లు తీసేసి పడకలు వేసిన బస్సు ఆ రూపంలోనే రిజిస్టరై ఉండాలి. పత్రంలో 26 సీట్ల బస్సని ఉండి, లోపల ఆరు పడకలు, గ్యాసు పొయ్యి కనిపిస్తే అక్కడితో ఆ బేరం మానుకోండి. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ మొదట అడిగే ప్రశ్న ఇదే. ఫిట్‌నెస్, పర్మిట్, బీమా, పన్ను, కాలుష్య ధ్రువపత్రాల గడువులను ఎంపరివాహన్ యాప్‌లో వాహనం నంబరు వేసి మీరే సరిచూసుకోవచ్చు. అద్దెకు తిరిగే వాహనానికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. స్నేహితుడి స్నేహితుడిదని తెల్ల ప్లేటు బస్సును డబ్బులిచ్చి తీసుకెళ్లడం ఎంత చవకైనా మంచిది కాదు.

తరువాత లోపలికి వెళ్లండి. ఎంత మంది ప్రయాణిస్తారో అన్ని సీట్లు, అన్ని సీటు బెల్టులు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. పడకలు బస్సు ఆగిన తరువాత నిద్రపోవడానికే. ఘాట్‌లో బస్సు కదులుతుండగా పై పడక మీద పడుకున్న మనిషి ఒక్క గట్టి బ్రేకుకు ముందుకు విసిరివేయబడతాడు. అత్యవసర ద్వారాన్ని మీ చేత్తో తెరిచి చూడండి. తెరుచుకునే అత్యవసర ద్వారానికి అడ్డంగా పడక గాని అలమర గాని బిగించిన బస్సులు ఉన్నాయి. 2025 అక్టోబరులో కర్నూలు సమీపంలో ఒక ప్రైవేటు స్లీపర్ బస్సు మంటల్లో చిక్కుకుని పలువురు ప్రయాణికులు బయటపడలేక మరణించిన సంగతి మన రాష్ట్రంలో ఎవరూ మరచిపోలేదు. అద్దాలు పగలగొట్టే సుత్తెలు కిటికీల పక్కన తగిలించి ఉన్నాయా, అగ్నిమాపక సిలిండర్లు రెండు ఉన్నాయా, వాటి ముల్లు పచ్చ గీత మీద ఉందా అన్నవి చూసి, వాటిలో ఒకటి వంటగది పక్కన, మరొకటి తలుపు దగ్గర ఉండేలా చేయించండి.

నీళ్ల ట్యాంకు బస్సు నేల కింద ఉండాలి, పైకప్పు మీద కాదు. పది మందికి వంటకు, చేతులు కడుక్కోవడానికి, గిన్నెలకు మనిషికి రోజుకు 15 లీటర్ల లెక్కన 150 లీటర్లు అవుతాయి, అంటే 150 కిలోలు. అంత బరువు పైకప్పు మీద ఊగుతుంటే మలుపుల్లో బస్సు ఒక పక్కకు ఒరుగుతుంది. అదే కారణంగా సామాను కూడా పైన కట్టవద్దు. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు మూడు వేరుగా పెట్టుకోండి.

విద్యుత్తు గురించి ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలా నిరాశలు తప్పుతాయి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. లెడ్ ఆసిడ్ బ్యాటరీ అయితే అందులో సగం మాత్రమే వాడుకోవాలి. ఆ 0.9 యూనిట్లు లైట్లకూ పది ఫోన్ల చార్జింగుకూ రాత్రంతా సరిపోతాయి గాని, 1500 వాట్ల కెటిలు గాని ఇండక్షన్ పొయ్యి గాని పెడితే అరగంటలో అయిపోతాయి. ఆ వస్తువులను ఇంట్లోనే వదిలేయండి.

డ్రైవరు, బేరం

అనంతగిరి, పాడేరు ఘాట్లు రెండూ పెద్ద వాహనంతో ఎక్కి దిగిన అనుభవం ఉన్న డ్రైవరే కావాలని ముందే చెప్పండి. బస్సు ఎంత బాగున్నా, జాతీయ రహదారి మీద మాత్రమే నడిపిన డ్రైవరు వస్తే ప్రయాణం మానుకోవడం మేలు. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు సమీపాన పర్యాటకుల బస్సు చీకటి పడిన తరువాత లోయలో పడి నలుగురు మరణించారు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లోనూ ఒక బస్సు లోయలో పడింది. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. మొదట చెప్పిన నియమాన్ని బృందంలో ఎవరూ తేలికగా తీసుకోకూడదని గుర్తు చేస్తున్నాను.

బేరం కాగితం మీద ఉండాలి. కిలోమీటరుకు ఎంత, రోజుకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు డబ్బు కట్టాలి, డీజిలు ఎవరిది, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి బసకు అదనంగా ఎంత, టోలు, పార్కింగు ఎవరు భరించాలి, బస్సు దారిలో పాడైతే ఏమిటి అన్నవన్నీ రాయించుకోండి. చాలామంది యజమానులు రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు కనీసంగా లెక్కిస్తారు. మీ ప్రయాణం మొత్తం 270 కిలోమీటర్లే కాబట్టి రెండు రోజులకు కలిపి ఎంత పడుతుందో అక్కడే తేల్చుకోండి. డీజిలు మీదే అయితే, బరువుతో కొండ ఎక్కే మినీ బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తుందనుకుని 55 లీటర్లకు డబ్బు పక్కన పెట్టండి. పుట్టినరోజు జరుపుకునే వ్యక్తి వాటాను మిగిలినవారు పంచుకోవడం మన బృందాల్లో మామూలే. ఆ వాటా ఎంతో ముందుగానే అందరికీ చెప్పి, సొమ్మంతా ఒకరి దగ్గరే జమ చేయండి.

డ్రైవరుకు భోజనం మీతో పాటే, పడుకోవడానికి శుభ్రమైన చోటు మీకంటే ముందే ఏర్పాటు చేయాలి. కార్మిక చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటల పనే పరిమితి. మీరు పాటలు పెట్టుకుని మేల్కొనే బస్సులోనే ఆయనను పడుకోమనడం న్యాయం కాదు. పాడేరులో ఒక చిన్న గది ఆయన పేరున తీసుకోండి. ఆ ఖర్చును మొత్తం ప్రయాణానికి బీమాగా భావించవచ్చు.

గ్యాసు, చలి

బస్సులో వంట చేయాలంటే 5 కిలోల చిన్న సిలిండరు చాలు. ఇంటి అవసరాలకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరును బస్సులోకి ఎక్కించవద్దు. వంట గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా బస్సు నేల మీద, పడకల కింద పేరుకుంటుంది. అందువల్ల సిలిండరు ఉన్న అరలో నేల మట్టానికి గాలి పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో వంగి చూడండి. రబ్బరు గొట్టం మీద ముద్రించిన గడువు తేదీ చదవండి. అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు వస్తున్నాయేమో పరీక్షించండి. బస్సు కదులుతున్నప్పుడు పొయ్యి వెలిగించకూడదు, రెగ్యులేటరు కట్టేసే ఉండాలి. ఈ బాధ్యతను ఒకే వ్యక్తికి అప్పగించండి. అందరి బాధ్యత అనుకుంటే ఎవరూ చూడరు.

డిసెంబరు, జనవరి నెలల్లో పాడేరు ప్రాంతంలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే బాగా కిందికి పడిపోతుంది. సముద్రతీరంలో పెరిగిన మనకు ఆ చలి అలవాటు లేదు. అప్పుడు ఎవరో ఒకరు బయటి చలిమంట నిప్పులను కుంపటిలో వేసి బస్సులోకి తెస్తారు, లేదా ఇంజిన్ నడిపి వేడి చేద్దామంటారు. ఈ రెండింటినీ ఖచ్చితంగా అడ్డుకోండి. మూసిన గదిలో బొగ్గు నుంచి గాని, ఆగి ఉన్న ఇంజిన్ పొగ నుంచి గాని వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలిసేలోపే స్పృహ పోతుంది. ప్రతి మనిషికి ఒక మందపాటి రగ్గు, ఊలు టోపీ, మేజోళ్లు తెచ్చుకోమని చెప్పండి. రెండు పక్కల ఒక్కొక్క కిటికీని రెండు వేళ్లు పట్టేంత తెరిచి పడుకోండి. ఆ సందుకు దోమతెర గుడ్డ అంటించడం మరవద్దు, ఎందుకంటే మన్యం మలేరియా ఉన్న ప్రాంతం. దోమలు కుట్టకుండా రాసుకునే మందు సాయంత్రం నుంచే వాడాలి. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే మన్యం వెళ్లి వచ్చామని వైద్యుడికి తప్పక చెప్పాలి.

శనివారం

డిసెంబరులో మనకు సూర్యోదయం ఉదయం ఆరుంబావు ప్రాంతంలో, సూర్యాస్తమయం సాయంత్రం ఐదున్నర లోపల. చేతిలో ఉన్న వెలుగు పదకొండు గంటలే. కాబట్టి ఉదయం ఐదు గంటలకు బయలుదేరండి. మద్దిలపాలెం, ఎన్ఏడీ కూడలి, పెందుర్తి, ఈ మూడు చోట్ల మాత్రమే మనుషులను ఎక్కించుకోండి. ఇంటింటికీ తిరిగితే గంట పోతుంది. సామానంతా శుక్రవారం రాత్రే సర్దేయాలి.

శృంగవరపుకోటకు తెల్లవారే వేళకు చేరతారు. అక్కడ ఇడ్లీతో సరిపెట్టుకోండి. పూరీలు, మసాలా దోసెలు తిని ఘాట్ ఎక్కితే సగం మందికి కడుపులో తిప్పుతుంది. వాంతులు అయ్యే అలవాటు ఉన్నవారు వైద్యుడు సూచించిన మాత్రను ఇక్కడే, ఘాట్‌కు అరగంట ముందు వేసుకుని ముందు సీట్లలో కూర్చోవాలి. బస్సుకు డీజిలు నింపించండి. డ్రైవరుతో కలిసి చక్రాల గాలి, స్టెప్నీ, బ్రేకులు, వైపర్లు, మంచులో వాడే ఫాగ్ లైట్లు చూడండి. ఆపైన గిన్నెలు, డబ్బాలు, సీసాలు అన్నీ అరల్లో పెట్టి గడియలు వేయండి. మొదటి మలుపులోనే తెరుచుకున్న అలమర లోంచి నూనె సీసా పడితే నేలంతా జారుడవుతుంది, ఆ మీదట నిలబడిన ప్రతివారూ పడతారు.

ఘాట్‌లో టైడా, డముకు, అనంతగిరి దాటి గాలికొండ మీదుగా వెళ్లేటప్పుడు వ్యూ పాయింట్ల దగ్గర మాత్రమే ఆగండి. మలుపులో బస్సు ఆపి ఫోటోలు దిగవద్దు. ఇరుకైన చోట ఎక్కే వాహనానికి దిగే వాహనం దారి ఇవ్వాలన్నది నియమం. కానీ ఎదుటివాడు ఇవ్వకపోతే పంతానికి పోవద్దని డ్రైవరుకు మీరే చెప్పండి. దారిలో బొర్రా గుహల వైపు రోడ్డు చీలుతుంది. గుహలు చూడదగ్గవే, సందేహం లేదు. కానీ లోపల మెట్లు, బయట రద్దీ కలిసి రెండున్నర గంటలు తీసుకుంటాయి. బొర్రా చూస్తే అరకులో మ్యూజియాలు, పద్మాపురం ఉద్యానవనం వదులుకోవాలి. బృందంలో ఎక్కువ మంది బొర్రాను ముందే చూసి ఉంటారు కాబట్టి నేనైతే ఆ సమయాన్ని సుంకరిమెట్ట కాఫీ తోటలకు ఇస్తాను. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు ఉంటాయి. కోత కాలంలో ఒకే కొమ్మ మీద పచ్చ కాయలూ ఎర్ర పండ్లూ పక్కపక్కన కనిపిస్తాయి. పండును రెండు వేళ్లతో నొక్కితే తియ్యని జిగురులో జంట గింజలు బయటికి జారతాయి. రైతును అడిగి ఒక్కటి మాత్రమే కోయండి. అది ఆ కుటుంబం ఏడాది పంట. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. స్నేహితుడికి కానుకగా ఇవ్వడానికి గిరిజన సహకార సంస్థ దుకాణంలో కాఫీ పొడి, తేనె దొరుకుతాయి.

అరకులో మధ్యాహ్న భోజనం బొంగులో చికెన్‌తో కానివ్వండి. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. వెళ్లగానే చెప్పి ఆ తరువాత గిరిజన మ్యూజియం చూసి రండి. ముందే కాల్చి పక్కన పెట్టిన బొంగును తీసుకోవద్దు. శాకాహారులకు విడిగా భోజనం చెప్పడం మరచిపోకూడదు. అరకులోనో పాడేరులోనో తప్ప దారిలో ఏటీఎంలు నమ్ముకోదగినవి కావు, ఫోన్ సిగ్నల్ కూడా చాలాచోట్ల ఉండదు. కొంత నగదు, ముందే దించుకున్న మ్యాపు దగ్గర పెట్టుకోండి.

రెండు గంటలకల్లా అరకు వదలండి. చాపరాయి దగ్గర బల్లపరుపుగా ఉన్న బండ మీదుగా నీరు జారుతుంది. చూడడానికి లోతు లేనట్లే ఉంటుంది గాని, పాచి పట్టిన రాతి మీద కాలు జారి కింది గుంటల్లో పడి మరణించినవారు ఉన్నారు. మద్యం తాగినవారిని నీళ్లలోకి దిగనివ్వకండి. అసలు ఈ రెండు రోజులూ మద్యం లేకుండా గడపమనే నేను చెబుతాను, ఎందుకంటే కొండ దారి, చలి, గ్యాసు పొయ్యి ఉన్న చోట అందరి తెలివీ పూర్తిగా ఉండాలి. అక్కడ ముప్పావుగంట గడిపి, నాలుగున్నరకల్లా పాడేరు చేరండి.

రాత్రి బస, వేడుక

అటవీ భూమిలోనో రోడ్డు పక్కనో బస్సు నిలిపి పడుకోకూడదు. ఒక వారం ముందే పాడేరు పరిసరాల్లోని ఏదైనా రిసార్టుకు గాని, హోమ్‌స్టేకు గాని ఫోన్ చేసి, బస్సు పొడవు చెప్పి, ఆవరణలో నిలుపుకోవడానికి, మరుగుదొడ్లు వాడుకోవడానికి అద్దె మాట్లాడుకోండి. బస్సులోని చిన్న మరుగుదొడ్డి అర్ధరాత్రి అవసరానికే. దాని ట్యాంకును వాగులోనో పొలంలోనో వదలడం నేరం కంటే పెద్ద తప్పు, ఆ వాగు నీరే కింది ఊరివారు తాగుతారు. బస్సును చదునైన నేల మీద నిలిపి, చక్రాల కింద రాళ్లో చెక్క దిమ్మలో పెట్టించండి.

కేకు అర్ధరాత్రి కోయాలన్న ఆచారాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి. మరునాడు పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద సూర్యోదయం చూడడానికి తెల్లవారుజామున మూడున్నరకు లేవాలి. రాత్రి ఏడు గంటలకు, బస్సు బయట, వంట పూర్తయ్యాక కోయండి. క్రీము కేకు ఘాట్ మలుపుల్లో ఒక పక్కకు కుంగిపోతుంది. ప్లమ్ కేకు గాని, క్రీము లేని మరొక కేకు గాని తీసుకుని, పెట్టెను సీట్ల మధ్య నేల మీద తడిగుడ్డ పరిచి దాని మీద ఉంచితే జారదు. కొవ్వొత్తులు బస్సు లోపల వెలిగించవద్దు. బాణసంచా, ఎగిరే కాగితపు దీపాలు పూర్తిగా మానండి, ఎండిన గడ్డి ఉన్న కొండల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. స్పీకరు చిన్నదై ఉండాలి, రాత్రి పది గంటలకు ఆగిపోవాలి. చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే అందరూ నిద్రపోయి ఉంటారు.

వంట సులువుగా ఉండనివ్వండి. అన్నం, టమాటా పప్పు, గుడ్ల కూర, చివర సేమియా పాయసం చాలు. కూరగాయలు ఇంటి దగ్గరే తరిగి డబ్బాల్లో పెట్టుకుంటే గంటలో భోజనం సిద్ధం. కానుకల కంటే ఎక్కువ విలువైనది ఒకటి చేయవచ్చు: ప్రయాణానికి రాలేని పాత మిత్రులతో సహా అందరి చేతా ఒక్కొక్క పేజీ ఉత్తరం రాయించి, వాటిని ఒక పుస్తకంగా కుట్టించి, భోజనం తరువాత ఇవ్వండి. తొమ్మిదిన్నరకు పడకలు వేయండి.

ఆదివారం

వంజంగి కొండకు బస్సు వెళ్లదు, వెళ్లనక్కరలేదు కూడా. ముందు రోజు సాయంత్రమే పాడేరులో జీపు గాని ఆటోలు గాని మాట్లాడుకుని, నాలుగు గంటలకు బయలుదేరండి. దీనివల్ల మీ డ్రైవరుకు నిండు నిద్ర దక్కుతుంది. చివరి భాగం కాలినడకే. తలకు కట్టుకునే టార్చి లైటు, పట్టు ఉన్న బూట్లు, చిన్న సీసాలో నీళ్లు ఉండాలి. సూర్యుడు వచ్చే ముందు కింది లోయంతా మేఘాలతో నిండి, కొండ శిఖరాలు మాత్రమే పైకి కనిపిస్తాయి. మేఘాలు లేని రోజులు కూడా ఉంటాయని పుట్టినరోజు మిత్రుడికి ముందే చెప్పండి. అంచుల దగ్గర వెనక్కి నడుస్తూ సెల్ఫీలు తీయవద్దు. పైన ప్లాస్టిక్ ఒక్కటి కూడా వదలకుండా సంచిలో దించుకురండి. దారిలో కనిపించే గిరిజన మహిళలను, పిల్లలను అడగకుండా ఫోటో తీయకూడదు. అడిగితే చాలామంది నవ్వుతూ ఒప్పుకుంటారు, ఒప్పుకోకపోతే ఫోన్ జేబులో పెట్టుకోవాలి.

తొమ్మిదికల్లా బస్సు దగ్గరికి వచ్చి, రాగి జావో ఉప్మానో తిని, పదిన్నరకు ఘాట్ దిగడం మొదలుపెట్టండి. ఎక్కడం కంటే దిగడమే బస్సుకు కష్టం. ఎక్కడానికి ఏ గేరు కావలసి వస్తుందో దిగడానికీ అదే గేరు వాడాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే లైనర్లు వేడెక్కి, అవసరమైన మలుపులో బ్రేకు పట్టదు. కాలిన వాసన వచ్చిన క్షణమే వెడల్పైన చోట ఆపించి, అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయవద్దు. ఎవరు ఎంత తొందరపెట్టినా ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో దిగడానికి ఒప్పుకోకండి. ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే ఎదురొచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవరుకు చెప్పడం మంచిది.

కొండ దిగాక మాడుగులలో ఆగి హల్వా కొనండి. గోధుమ పాలు తీసి, పంచదార, నెయ్యితో గంటల తరబడి కలియబెట్టి చేసే ఈ హల్వా కొన్ని రోజులు బయటే నిలవ ఉంటుంది కాబట్టి ఇళ్లకు పట్టుకెళ్లడానికి బాగుంటుంది. చోడవరంలో భోజనం చేసి, సబ్బవరం మీదుగా నాలుగు గంటలకల్లా నగరంలోకి వస్తారు.

బస్సును అప్పగించే ముందు అరగంట ఉంచుకోండి. చెత్త సంచులను నగరపాలక సంస్థ డబ్బాలో, తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి వేయండి. మరుగుదొడ్డి ట్యాంకును యజమాని చూపిన చోటే ఖాళీ చేయించండి. సిలిండరు రెగ్యులేటరు తీసి, పడకల కింద ఎవరి ఫోన్ చార్జరో, ఊలు టోపీయో మిగిలిపోయిందేమో చూడండి. మీటరు అంకెను బయలుదేరేటప్పుడు తీసిన ఫోటోతో సరిపోల్చి, కాగితం మీద రాసుకున్న ప్రకారం లెక్క తేల్చండి. డ్రైవరు బత్తాను యజమాని ద్వారా కాకుండా ఆయన చేతికే ఇవ్వండి.